మూతి మీద పొక్కు, ఇంట్లో పసిబిడ్డ

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 27 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎండాకాలం వస్తే చాలు, కింది పెదవి ఎడమ మూల దగ్గర నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. తొమ్మిదో తరగతిలో టైఫాయిడ్ వచ్చినప్పుడు మొదటిసారి లేచాయి. అప్పట్నుంచి ఏటా మూడు నాలుగు సార్లు. మా అవ్వ ‘జరం పొక్కు’ అనేది. మా అత్త బల్లి ఉచ్చ పోసిందని సున్నం రాసింది, చర్మం కాలి నల్లమచ్చ పడింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే రెండు రోజులు మంట తగ్గి, తర్వాత గడ్డం దాకా పాకింది. పోయిన నెల ఫోన్లో వెతికితే ‘హెర్పీస్’ అని వచ్చింది. అది మా ఆయన చూసి ‘ఈ జబ్బు నీకు ఎక్కడ్నుంచి వచ్చింది?’ అన్నాడు. ఆ రోజు నుంచి సరిగా మాట్లాడ్డం లేదు. మా చెల్లెలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు పన్నెండు రోజులు. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వేస్తున్నారు, నేను పోకపోతే బాగుండదు. నిన్న రాత్రి నుంచి పెదవి మళ్లీ జిలజిలమంటోంది. బిడ్డను ఎత్తుకోవచ్చా? ఇది పూర్తిగా పోయే మందు లేదా? ఇంకో చిన్న సంగతి: పోయినసారి కొత్త లిప్‌స్టిక్ పొక్కు మీదే వేసుకున్నాను. పారేయాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే రెండు ముక్కల్లో జవాబు పంపాను, బిడ్డ సంగతి ఆగేది కాదు కాబట్టి. అందులో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ అత్త సున్నం, మెడికల్ షాపు ట్యూబు, మీ ఆయన మాట, ఇవన్నీ మీ ఒక్క ఇంటి కథ కాదు. కర్నూల్లో నా దగ్గరకు వారానికి ఒకరైనా ఇదే కథతో వస్తారు. ఊరి పేరు మారుతుంది, అంతే.

ముందు బిడ్డ. పొక్కు ఉన్నన్నాళ్లు ఆ బిడ్డ దగ్గరకు పోవద్దు. మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కసారి ఎత్తుకుంటానంటే కూడా, మీకు తప్పనిసరి పని కాదు కాబట్టి, వద్దనే అంటాను. మీకు పది రోజుల చిరాకు పెట్టి పోయే ఈ వైరస్ నెల నిండని బిడ్డకు ప్రాణం మీదకు తేగలదు. ఆ వయసులో ఒంట్లో కాపలా ఇంకా కుదురుకోదు. వైరస్ చర్మం దగ్గర ఆగకుండా కాలేయానికి, మెదడుకు పాకగలదు. ఇలా జరగడం చాలా అరుదు. కానీ జరిగితే మాత్రం పెద్దాసుపత్రిలో రోజుల తరబడి నరానికి మందు ఎక్కించాలి, అప్పటికీ బిడ్డ కోలుకుంటుందన్న భరోసా ఉండదు. అందుకే మిగతా అన్ని విషయాల్లో ‘కంగారు పడకండి’ అనే నేను ఈ ఒక్క విషయంలో మొండిగా ఉంటాను.

రోజులు లెక్కేద్దాం. మీకు జిలజిల మొదలైనప్పుడు బిడ్డకు పన్నెండో రోజు. పొక్కు లేచి, పగిలి, పెచ్చు కట్టి, ఆ పెచ్చు రాలడానికి మామూలుగా ఏడు నుంచి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. అంటే ఉయ్యాల రోజుకు మీది మానీ మానకుండా ఉంటుంది. పెచ్చు దానంతటది రాలిపోయి, కింద పచ్చిదనం లేకుండా కొత్త చర్మం కనిపిస్తే సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోండి. పెచ్చు ఇంకా ఉంటే ఫంక్షన్‌కు పోండి, భోజనాల దగ్గర నిలబడండి, పాట పాడండి, బిడ్డను మాత్రం దూరం నుంచే చూడండి. తొందరపడి పెచ్చు గిల్లి ‘మానిపోయింది’ అనుకోవడం మాత్రం వద్దు. గిల్లిన చోట మళ్లీ పచ్చిగా అవుతుంది, ఇంకో నాలుగు రోజులు పెరుగుతుంది.

మానిన తర్వాత కూడా బిడ్డ మూతి మీద, చేతుల మీద ముద్దు పెట్టకండి. చేతులెందుకంటారా? ఆ పిడికిలి రెండు నిమిషాల్లో నోట్లో ఉంటుంది. పైకి పొక్కు లేని రోజుల్లో కూడా అప్పుడప్పుడు ఎంగిలిలో ఈ వైరస్ వస్తూనే ఉంటుంది, మనకు తెలియదు. కాబట్టి ఈ మాట మీకు ఒక్కరికే కాదు, చూడ్డానికి వచ్చే చుట్టాలందరికీ. ‘మా డాక్టరు ముద్దులొద్దన్నాడు’ అని నా మీద వేసేయండి. ఈ వయసులో ఇంకో నింద మోయగలను.

మన ఇళ్లలో పసిబిడ్డకు నీళ్లు పోసే తీరు తెలుసు కదా. కాళ్లు చాపుకుని కూర్చున్న పెద్దామె, ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టిన బిడ్డ, వేన్నీళ్లు, సాంబ్రాణి పొగ. నీళ్లు పోయడం అయ్యాక ముక్కులో నీళ్లు నిలవకుండా ఆమె తన నోటితో ముక్కులోకి, చెవిలోకి ‘ఉఫ్’ అని ఊదుతుంది. ఆమె మూతి మీద పొక్కు ఉన్న రోజున, వైరస్ బిడ్డకు అంటడానికి ఆ ఊదుడు చాలు. పొక్కు లేకపోయినా నేను వద్దనే చెబుతాను. మెత్తటి గుడ్డ కొసతో తుడిస్తే సరిపోతుంది. నాలుక మీద తేనె రాయడం కూడా మానండి. అది వేరే కారణానికి, ఏడాది లోపు బిడ్డకు తేనె మంచిది కాదు.

ఒకవేళ మీరు ఇప్పటికే బిడ్డను ఎత్తుకుని ఉంటే గుండె జారిపోవాల్సిన పని లేదు. మీ చెల్లెలికి చిన్నప్పుడే ఈ వైరస్ సోకి ఉంటే ఆమె ఒంట్లోంచి కొంత రక్షణ కడుపులోనే బిడ్డకు అంది ఉంటుంది. ఒక తల్లి కడుపున పుట్టి ఒకే కంచంలో తిని పెరిగారు కాబట్టి ఆ అవకాశం ఎక్కువే. కానీ నెలా నెలన్నర దాకా బిడ్డను కనిపెట్టుకుని ఉండమనండి. పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఒళ్లు కాలినా, లేదంటే మామూలు కన్నా చల్లబడినా, ఒంటి మీద ఎక్కడైనా నీటి పొక్కు కనిపించినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే కడపలోనో కర్నూల్లోనో పిల్లల డాక్టర్లున్న పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. పోగానే ‘ఇంట్లో ఒకరికి మూతి మీద హెర్పీస్ పొక్కు ఉంది’ అని డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెబితే చాలాసార్లు సగం రోజు కలిసొస్తుంది.

ఇక మీ ఆయన మాట. ఈ పేరా ఆయన చేత చదివించండి. హెర్పీస్ అనేది ఒక్క జబ్బు పేరు కాదు, ఒక వైరస్ కుటుంబం పేరు. చిన్నపిల్లలకు వచ్చే ఆటలమ్మ కూడా ఆ కుటుంబమే. పెదవి మీద వచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి రకం, హెచ్‌ఎస్‌వీ-1. మీ ఆయన ఫోన్లో చూసి బెదిరిపోయింది రెండో రకం గురించి, అది ఎక్కువగా కింది భాగంలో, అంటే మర్మాంగాల దగ్గర వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో 64 శాతం మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి ఈ మొదటి రకం ఒంట్లో ఉంది. వాళ్లలో చాలామందికి జన్మలో ఒక్క పొక్కు కూడా లేవదు. మీ ఆయనకూ ఉండే అవకాశమే ఎక్కువ, ఆయనకు తెలియదు, అంతే. ఎక్కడ్నుంచి వచ్చిందంటే, చాలామందికి వచ్చేది పసితనంలో. మూతి ముద్దాడిన అత్తో మామో, గోరుముద్ద ఊది పెట్టిన అవ్వో, ఒకే చాక్లెట్ చప్పరించిన పక్కింటి పిల్లో. మీకైతే తొమ్మిదో తరగతి నాటికే మూతి మీద తేలింది. పెళ్లికి ఎన్నేళ్ల ముందు మాట అది! అలా కాకుండా ఒకామెకు పెళ్లయిన తర్వాతే మొదటి పొక్కు వచ్చిందనుకున్నా, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. ఇరవై ఏళ్లు చప్పుడు చేయకుండా పడుకుని అప్పుడు లేవగలదు ఇది. రక్తపరీక్ష చేయించి నిరూపించమని అంటే ఒప్పుకోకండి. ఆ పరీక్షలో తెలిసేది ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు.

ఇద్దరి మధ్య జాగ్రత్త ఒకటుంది, అది సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. జిలజిల మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా మానేదాకా ముద్దులు వద్దు, నోటితో చేసేవేవీ వద్దు. అలా చేస్తే ఈ మొదటి రకమే కింది భాగానికి అంటుకోగలదు. మిగతా సంసారానికి దీనివల్ల అడ్డమేమీ లేదు.

హెర్పీస్ అన్న మాట గ్రీకు వాళ్లది, పాకడం అని అర్థం. మన పాతవాళ్లు ఇలాంటివాటికి ‘సర్పి’ అని, వైద్యులు ‘విసర్పం’ అని పేరు పెట్టారు. అదీ పాకే మాటే. పేరు పెట్టినవాళ్లకు వైరస్ సంగతి తెలియదు గానీ, అది చేసే పని నిజంగా పాకడమే. మొదటిసారి సోకినప్పుడు పెదవి దగ్గరి నరం పట్టుకుని పైకి పాకి, పుర్రె లోపల చెవికి కాస్త ముందుగా ఉండే ఒక నరాల ముడిలో చేరుతుంది. అక్కడ నిద్రపోతుంది. ఒంటికి ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు లేచి అదే నరం మీదుగా కిందికి దిగుతుంది. అందుకే మీకు ప్రతిసారీ ఎడమ మూలే. ‘పూర్తిగా పోయే మందు లేదా’ అన్నారు. ఆ ముడిలో పడుకున్న దాన్ని లేపి తరిమే మందు ఇప్పటికైతే లేదు. ఎవరైనా ‘మూలంతో సహా తీసేస్తాం’ అని బోర్డు పెట్టి వేలు గుంజుతుంటే ఆ వీధిలో నడవకండి. వయసు పెరిగే కొద్దీ దానంతటదే తరచుదనం తగ్గుతుంది చాలామందికి. అయితే కిందికి దిగి వచ్చిన దాన్ని అణచే మంచి మందు ఉంది.

నాకూ ఉంది ఈ పొక్కు. మెడిసిన్ చదివే రోజుల్లో ప్రతి పరీక్ష ముందూ వచ్చేది. హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి చదువుతుంటే పై పెదవి కుడివైపు ఒక బియ్యపు గింజంత చోటు, చీమ నడిచినట్టు ఉండేది. అద్దంలో చూస్తే ఏమీ లేదు. వేలితో నొక్కితే కొంచెం గట్టిగా, వేడిగా ఉండేది. పొద్దున లేచేసరికి ఆ చోటు ఎర్రబడి, దాని మీద నాలుగైదు నీటి పొక్కులు, ఆవాల్లా, ఒకదానికొకటి ఆనుకుని. సాయంత్రానికి అన్నీ కలిసి ఒకటై పగిలేవి. మూడో రోజు పచ్చిపుండు, రసి కారేది, అదే అన్నిటికన్నా ఎక్కువగా అంటుకునే రోజు. అయిదో రోజుకు తేనె రంగు పెచ్చు. వైవాలో నోరు తెరిస్తే పెచ్చు చిట్లి రక్తం. ఓసారి హాస్టల్ బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను ఆ పుండుతోనే. ఆ బజ్జీ కారం ఇప్పటికీ గుర్తుంది.

దీన్నంతా ఎందుకు చెప్పానంటే, మందుకు అదను ఆ రాత్రి రెండు గంటల చీమ నడక. జిలజిల, దురద, బిగుతు, ఏదో వస్తోందన్న అనుమానం, ఆ గంటల్లోనే మందు మొదలుపెట్టాలి. వైరస్ తనను తాను అచ్చులు పోసుకునేది మొదటి రెండు రోజుల్లోనే. పుండు పడి పెచ్చు కట్టాక మందు పూసినా పెద్దగా లాభం లేదు, అప్పటికి ఒళ్లే దాన్ని అణిచేసి ఉంటుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అయిదో రోజు వస్తారు, పెచ్చుతో. అయిదో రోజు నేను ఇచ్చేది ఎక్కువగా మాటలే.

మందు పేరు అసైక్లోవిర్. దాని వెనక ఉన్న పరిశోధనలకు గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆమె ఇంకో ఇద్దరితో కలిసి 1988లో నోబెల్ బహుమతి తీసుకుంది. ఆ మందు తెలివి చూడండి: మామూలు కణంలోకి పోతే దాదాపు ఊరికే పడి ఉంటుంది. వైరస్ ఉన్న కణంలో మాత్రం వైరస్‌కు చెందిన ఎంజైమే దాన్ని నిద్రలేపుతుంది, లేచిన మందు ఆ వైరస్ అచ్చుపోతనే ఆపేస్తుంది. దొంగ చేతే తాళం వేయించడం లాంటిది. ఇది అయిదు శాతం క్రీమ్‌గా దొరుకుతుంది. మెలకువగా ఉన్న సమయంలో నాలుగు గంటలకోసారి, రోజుకు అయిదు సార్లు, నాలుగైదు రోజులు పూయాలి. నిజం చెప్పాలంటే క్రీమ్‌తో కలిసొచ్చేది సగం రోజో, ఒక రోజో. మాత్రలు ఇంకొంచెం నయం. వాలసైక్లోవిర్ అని దాని చెల్లెలు ఉంది. పెద్దవాళ్లకు రెండు గ్రాములు ఒకసారి, పన్నెండు గంటల తర్వాత ఇంకో రెండు గ్రాములు, ఒక్క రోజుతో కోర్సు అయిపోతుంది. ఇది నేను రాశానని షాపుకు పోయి కొనకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి, గర్భిణులకు డాక్టరు చూసి చెప్పాలి, పిల్లలకు లెక్క వేరు.

మీరు చేయాల్సింది ఇది. ఈసారి పొక్కు ఉన్నప్పుడే చర్మం డాక్టరుకు చూపించండి. ప్రొద్దుటూరులో కుదరకపోతే కడప పెద్దాసుపత్రి ఓపీకి పోండి. చూసి ఇది అదేనని ఖాయం చేసుకున్నాక ‘వచ్చేసారికి ముందుగా మాత్రలు రాసివ్వండి’ అని అడగండి. కొని పర్సులో పెట్టుకోండి, ఎక్స్‌పైరీ తేదీ చూసుకుని. ఎందుకంటే మీకు జిలజిల మొదలయ్యేది ఆదివారం రాత్రి పదకొండింటికి అయితే, ఆ వేళకు చీటీ రాసే డాక్టరు ఎక్కడ దొరుకుతారు? ఏడాదికి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ వచ్చేవాళ్లకు రోజూ చిన్న మోతాదు వేసుకునే పద్ధతి కూడా ఉంది. మీకు మూడు నాలుగే కాబట్టి అంత అవసరం ఉండదు. పెళ్లి, పరీక్ష, పళ్ల డాక్టరు దగ్గర పెద్ద పని లాంటివి ముందుంటే మాత్రం అడగొచ్చు.

ఆ ట్యూబు సంగతి. మీరు పేరు రాయలేదు, అవసరమూ లేదు. ఇంట్లో ఉంటే డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్ అనో, బెటామెథసోన్ అనో, మొమెటసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. దానితో పాటు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి, అన్ని రోగాలకూ ఒకటే అన్నట్టు అమ్ముతారు. స్టెరాయిడ్ ఎరుపును, మంటను అణుస్తుంది, అందుకే రెండు రోజులు హాయిగా అనిపించింది మీకు. అదే సమయంలో ఆ చోట ఒంటి కాపలాను కూడా పడుకోబెడుతుంది. కాపలా పడుకుంటే వైరస్ గడ్డం దాకా పోదా మరి? మందు పని చేసినట్టు కనిపించి మోసం చేసే మందు ఇది. మా వృత్తిలో మేం రోజూ తిట్టుకునేది దీన్నే. పెదవి పొక్కు మీద ఇది వేయకండి, మిగిలిన ట్యూబు చెత్తలో పడేయండి, పక్కింటామెకు ఇవ్వకండి.

మీ అత్తను నేను తప్పుపట్టను. ఆమెకు తెలిసింది ఆమె చేసింది. కానీ సున్నం కాల్చే పదార్థం. పుండు మీద అది రాస్తే వైరస్ పుండుకు తోడు కాలిన పుండు. ఆ నల్లమచ్చ సున్నానిదే, మెల్లగా, నెలల మీద తగ్గుతుంది. టూత్‌పేస్టు, నిమ్మరసం, స్పిరిట్, ఇవీ అంతే. చల్లదనం కావాలంటే ఐసు ముక్క శుభ్రమైన గుడ్డలో చుట్టి అయిదు నిమిషాలు పెట్టుకోండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. పెచ్చు ఎండి చిట్లకుండా వ్యాజలిన్ పలచగా రాయండి, వేలితో కాకుండా దూదిపుల్లతో. వేలితో రాస్తే వెంటనే సబ్బుతో కడగండి.

బల్లి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బల్లి ఉచ్చ పోసిందనో, సాలీడు పాకిందనో చెప్పే మచ్చల్లో ఒక రకం నిజంగానే పురుగు పనే. వానాకాలం రాత్రిళ్లు ట్యూబులైటుకు చేరే నలుపు, ఎరుపు చారల సన్నటి పురుగు ఒకటుంది. మెడ మీద పాకితే మనం నిద్రలో చేత్తో నలిపేస్తాం, దాని ఒంట్లో రసం తగిలిన మేర గీత గీసినట్టు కాలుతుంది. పొద్దున లేచేసరికి పొడుగాటి ఎర్రచార, మంట, తర్వాత చిన్న పొక్కులు. అది ప్రతిసారీ ఒకే చోట రాదు, ముందు జిలజిల ఉండదు. మీది ఆ పురుగు కాదు. నోటి లోపల, బుగ్గకో నాలుకకో తెల్లగా పడే నోటిపూతా కాదు, అది అంటుకోదు కూడా. రెండు మూతి మూలలూ చీలి పాచి కట్టినట్టుండేది ఇంకొకటి, దానికి తిండిలో లోపమో, ఫంగసో కారణం. నడుముకో ఛాతీకో ఒకవైపే పట్టీలా లేచి మండేది అక్కి, అది ఆటలమ్మ వైరస్ పని. అక్కికి కుమ్మరాయన దగ్గర జాజుతో బొమ్మ వేయించుకుని వచ్చేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మూడు రోజులు దాటకుండా డాక్టరు దగ్గరకు కూడా రండి.

మీ అవ్వ మాత్రం మంచి డాక్టరమ్మ. ‘జరం పొక్కు’ అన్నది సరిగ్గా చూసి పెట్టిన పేరు. జ్వరం వైరస్‌ను లేపే కారణాల్లో ముఖ్యమైనది. రెండోది ఎండ. మార్చి నుంచి మే దాకా కడప, కర్నూలు, అనంతపురాల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో స్కూటీ మీద పోయేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కింది పెదవి ముందుకు ఉంటుంది, ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. మనవాళ్లు ‘వేడి చేసింది’ అంటారు. ఆ మాటలో సగం నిజముంది: బయటి ఎండ, లోపలి జ్వరం, నిద్ర లేకపోవడం, నెలసరి, టెన్షన్, ఇవన్నీ నిజంగానే లేపుతాయి. మిగతా సగం, మామిడిపండు తిన్నావు కాబట్టి వచ్చింది, కోడికూర తిన్నావు కాబట్టి వచ్చింది అన్నది రుజువు లేని మాట. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగండి, ఎండాకాలంలో ఒంటికి మంచిదే. వాటితో వైరస్‌కు మాత్రం సంబంధం లేదు.

కాబట్టి మార్చి ఒకటో తారీకు నుంచి ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ ఒకటి కొనుక్కోండి. ఇంట్లోంచి బయలుదేరే ముందు రాసి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మాట్లాడే వృత్తి మీది, నీళ్లు తాగుతారు, పెదవి తడుపుకుంటారు, రాసింది నిలవదు. చున్నీ చుట్టుకోవడం మంచిదే గానీ పలచటి చున్నీలోంచి ఎండ దిగుతుంది. పేపర్లు దిద్దే వారం, పరీక్షల డ్యూటీ వారం నిద్ర తగ్గకుండా చూసుకోమంటే నవ్వుతారేమో, అయినా చెబుతున్నాను.

ఇంట్లో అంటు విషయంలో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం, ఎంగిలి కంచం ముట్టకపోవడం మనకు చిన్నప్పుడే నేర్పారు. ఈ వైరస్ ఉండేది ఆ ఎంగిలిలోనే. పొక్కు ఉన్న పది రోజులు మీ గ్లాసు, మూతి తుడుచుకునే తువ్వాలు వేరుగా పెట్టుకోండి, చాలు. మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి విస్తరాకులో పెట్టడం, వంటింట్లోకి రావద్దనడం లాంటివి అక్కర్లేదు. ఒంటి బయట ఇది ఎక్కువసేపు బతకదు, సబ్బు దీన్ని మామూలుగా చంపేస్తుంది. మీరు కడిగిన చేతులతో చేసిన సంగటి అందరూ తినొచ్చు. స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పొచ్చు.

ఒక్క చోట భయపడండి, కళ్లు. పొక్కు ముట్టుకున్న వేలితో కన్ను నలపకండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ఆ వారం కళ్లద్దాలు పెట్టుకోండి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయొద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీద వైరస్ చెలరేగుతుంది. అలాగే గజ్జి లాంటి ఎగ్జిమా ఉన్న పిల్లల దగ్గర, క్యాన్సర్ మందులు వాడుతున్న పెద్దల దగ్గర పసిబిడ్డ దగ్గర ఉన్నంత జాగ్రత్తగా ఉండండి. రెండు వారాలు దాటినా మానని పెదవి పుండు ఏదైనా, ముఖ్యంగా ఖైనీ, గుట్కా, బీడీ అలవాటున్నవాళ్లకు, పొక్కేలే అనుకుని ఊరుకోకూడదు. అది వేరే పరీక్ష అడుగుతుంది.

ఇక ఆ లిప్‌స్టిక్. దానివల్ల మీకు మళ్లీ అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు, మీ పొక్కు వచ్చేది లోపలి నుంచి, లిప్‌స్టిక్ నుంచి కాదు. ఖరీదైనదైతే పై పొర చాకుతో కోసేసి మీరే వాడుకోండి. కానీ ఉయ్యాల రోజు అద్దం ముందు మీ చెల్లెలు ‘అక్కా, నీ లిప్‌స్టిక్ ఓసారి ఇయ్యి’ అని చేయి చాపుతుంది. అది వేసుకున్న పెదవులతోనే బిడ్డను ముద్దాడుతుంది. అందుకని పారేయండి.